ఉడుము రక్తం మందేనా?

సెలవుల్లో నా కాలి పుండు మానకపోతే మా అవ్వ ఉడుము రక్తం పూయాలన్నది. సుబేదారికి వచ్చినంక సైన్స్ టీచర్‌ను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

కొమోడో డ్రాగన్ ఇండోనేషియాలో ఉండే పెద్ద ఉడుము. దాని రక్తంలోని ప్లాస్మాలో బాక్టీరియాను చంపే చిన్న ప్రోటీన్ ముక్కలున్నాయి. 2017లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అట్లాంటి ముక్కను ప్రయోగశాలలో తయారుచేసి పూస్తే ఎలుకల పుండ్లు త్వరగా మానినయి. అది బాక్టీరియా పైపొరను దెబ్బతీసి చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల్లోంచి యాంటీబయాటిక్ మందు సులువుగా లోపలికి పోగలదు. అందుకే ఇట్లాంటివి రెండూ కలిపి పరీక్షిస్తున్నారు.

కాని పచ్చి రక్తం మందు కాదు. ఉడుమును చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

నా పుండు మానకపోవడానికి తప్పు నాదే. ఐదు రోజుల మాత్రలు రెండు రోజులకే మానేసిన. చావకుండా మిగిలిన బాక్టీరియా మందుకు లొంగకుండా తయారు కావచ్చు. మిత్రులారా, ఇచ్చిన మాత్రలన్నీ మింగండి.