పేరు ఐ7, వయసు పన్నెండేళ్లు

2025 వేసవిలో మా అమ్మాయికి డెస్క్‌టాప్ కొన్నాను. పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. పైథాన్ నేర్చుకోవాలి, ఆన్‌లైన్ క్లాసులు వినాలి, తీరికప్పుడు వీడియోలు ఎడిట్ చేసుకుంటుంది. కొత్తది కొంటే మానిటర్ కాకుండా 28 వేలు అవుతుందన్నారు, అదీ ఐ3 ప్రాసెసర్‌తో. ఖరగ్‌పూర్‌లోనే ఇంకో దుకాణంలో, ఆఫీసులు వాడి తీసేసిన సిస్టమ్‌లు శుభ్రం చేసి అమ్ముతున్నారు. ఐ7 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 14 వేలు. సగం ధరకే మూడుకు బదులు ఏడు! ఎంబీఏ చదివిన బుర్ర ఊరుకోదు కదా, బేరమాడి ఇంకో ఐదొందలు తగ్గించుకుని మరీ ఇంటికి తెచ్చాను.

మొదటి నెల బాగానే ఉంది. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే ఫ్యాను హోరెత్తేది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమిటే ఆ చప్పుడు, మిక్సీయా?" అనేది. అక్టోబరు వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి మారుదామంటే, ఈ కంప్యూటర్‌కు ఆ అర్హత లేదని తెర మీద వచ్చింది. మాది ఐ7-4770. అది మార్కెట్లోకి వచ్చింది 2013లో. అంటే నేను కొనేనాటికే దానికి పన్నెండేళ్లు.

సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే, బ్రాంచిలో నేను చూసేది అప్పుల సెక్షన్. ఎవరైనా వాడిన లేత్ మిషను కొనడానికి లోను అడిగితే, ఎప్పుడు తయారైంది, ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తుంది అని ఇంజనీరు సర్టిఫికెట్ లేకుండా ఫైలు కదపను. మన బ్యాంకు పుస్తకాల్లో కంప్యూటర్‌కి ఏటా 33.33 శాతం తరుగు వేసి మూడేళ్లకే విలువ సున్నా చేస్తాం. సొంత ఇంటికి కొనేటప్పుడు మాత్రం స్టిక్కరు చూసి సంతకం పెట్టేశాను.

ఆ వయసు ఎక్కడుందంటే, పేరులోనే ఉంది. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఆ ఏడాది సరుకులో తరగతులు మాత్రమే. స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ లాగా. బండి ఏ కాలం నాటిదో అవి చెప్పవు. గీత తర్వాత వచ్చే అంకెలు చెబుతాయి. ఐ7-4770లో మొదటి అంకె 4 కాబట్టి నాలుగో తరం. ఐ3-12100లో మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం, 2022 జనవరిలో వచ్చింది. ఇంటెల్ ఈమధ్య కొత్త రకాలకు 'ఐ' అక్షరం తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా అని పేర్లు పెడుతోంది. అయినా చూడాల్సింది తర్వాత వచ్చే అంకెలే.

ఇక్కడ నాకో చిక్కు ప్రశ్న వచ్చింది. రెండింటికీ నాలుగే కోర్లు, ఎనిమిదే థ్రెడ్లు. పాతదాని మూల వేగం 3.4 గిగాహెర్ట్జ్, కొత్తది 3.3. కాగితం మీద పాతదే ఒక పిసరు ఎక్కువ. మరి కొత్తదే ఎందుకు చురుగ్గా ఉంటుంది?

దీనికి జవాబు చెప్పింది మలంచాలో ఉండే మా బాబాయిగారు. చుట్టరికం కాదు, శ్రీకాకుళం వైపు వాళ్లమని కలిసిన పిలుపు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వాళ్ల తాతగారు పనికోసం ఇక్కడికొచ్చారు. ఈయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ ముట్టుకోరు. నేను గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క అని వివరించగానే, "అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పడం కదా బాబూ! చక్రం ఎంత పెద్దదో చెప్పకపోతే ఎంత దూరం పోయిందో నీకెలా తెలుస్తాది?" అన్నారు. ఆవిరి ఇంజన్లలో గూడ్స్ లాగే డబ్ల్యూజీకి చక్రాలు చిన్నవట, ప్యాసింజరు బండ్లు లాగే డబ్ల్యూపీకి పెద్దవట. అన్నే చుట్లు తిరిగినా డబ్ల్యూపీ ముందుకు పోతుంది.

సరిగ్గా ఇదే సంగతి. ఒక్కో చుట్టులో కొత్త ప్రాసెసర్ ఎక్కువ పని చేస్తుంది. పైగా అవసరమైనప్పుడు పాతది 3.9 దాకా పరిగెడితే, కొత్తది 4.3 దాకా పోతుంది. రెండూ కలిసి ఒక్కో కోర్ పనిలో కొత్త ఐ3 ఆ పాత ఐ7కి సుమారు ఒకటిన్నర రెట్లు. ఇక వీడియో సంగతి. ఇప్పుడు ఇంటర్నెట్లో వచ్చే వీడియోలు కొత్త పద్ధతుల్లో కుదించి పంపుతున్నారు. వాటిని విప్పే ప్రత్యేక సర్క్యూట్ కొత్త చిప్‌లో ఉంది. పాతదాంట్లో లేదు కాబట్టి, ఆ పని కూడా కోర్లే చేయాలి. మా ఇంటి మిక్సీ చప్పుడుకి అది ఒక కారణం.

ప్రాసెసర్ ఒక్కటే మార్చేస్తే పోలేదా అని మా అమ్మాయి అడిగింది. కుదరదు. సాకెట్ వేరు, మదర్‌బోర్డు వేరు, పాతదాని డీడీఆర్3 ర్యామ్ కూడా కొత్త బోర్డుకు పనికిరాదు. మిగిలేవి కేబినెట్టు, కీబోర్డు, మౌసు.

అలాగని పాతవన్నీ పారేయమని నేననను. మెయిల్, ఉత్తరాలు టైపు చేసుకోవడం, పాటలు, సినిమాలు, ఇంతే అయితే పాత ప్రాసెసర్ హాయిగా సరిపోతుంది. చాలా ఇళ్లలో కంప్యూటర్ నత్తనడకకు కారణం ప్రాసెసర్ కాదు, లోపల గిరగిర తిరిగే హార్డ్ డిస్క్. దాని స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే కంప్యూటర్ మళ్లీ పడుచుదవుతుంది. ముందు ఆ ఖర్చు పెట్టి చూడండి. కరెంటు బిల్లు తగ్గుతుందని కొత్తది కొనాలన్న వాదన కూడా నాకు పెద్దగా రుచించదు. తేడా 30 వాట్లు, రోజుకు ఆరు గంటల వాడకం అనుకున్నా ఏడాదికి 66 యూనిట్లే.

నెట్ బ్యాంకింగ్ దగ్గర మాత్రం నేను మొండివాణ్ణి. భద్రతా సవరణలు రాని కంప్యూటర్లో ఖాతా తెరవకండి. విండోస్ 10కి అదనపు భద్రతా పథకంలో చేరినవాళ్లకు కూడా గడువు కొంతకాలం మాత్రమే. విండోస్ 11 కావాలంటే స్థూలంగా ఇంటెల్ ఎనిమిదో తరం, లేదా ఏఎమ్‌డీ రైజెన్ 2000 వరస, ఆపైనే. దాంతోపాటు టీపీఎమ్ 2.0 భద్రతా చిప్ ఉండాలి. వాడిన సిస్టమ్ కొన్నా సరే, ఈ గీత కింద ఉన్నది కొనకండి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తామనేవాళ్లు ఉంటారు. తర్వాత సవరణలు వస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఇంకొక్క మాట. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, అంటే 12100ఎఫ్ లాంటిదైతే, అందులో గ్రాఫిక్స్ ఉండదు. ధర తక్కువ కదా అని తెచ్చుకుంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనేదాకా తెర మీద బొమ్మే రాదు. ఈ పొరపాటు ఒక్కటి నేను చేయలేదు.

సంక్రాంతికి ఐ3-12100తోనే కొత్తది కట్టించాను. పాతదాంట్లో ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించి బాబాయిగారింట్లో పెట్టాను. ఆయన ఇప్పటికీ ముట్టుకోరు గానీ, పిన్నిగారు పొద్దున్నే దాంట్లో సుప్రభాతం పెట్టుకుంటున్నారు. ఐ7 స్టిక్కరు మాత్రం ఊడదీసి మా కొత్త కేబినెట్‌కి అంటిద్దామన్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు.