స్కేల్ మోడలింగ్ పనిచోటు

విమానాలు, ఓడలు, రైళ్ళు, కార్లు వంటివాటిని ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి నమూనాలుగా తయారు చేయడాన్ని స్కేల్ మోడలింగ్ అంటారు. ఈ పని కొరకు ఇంటిలో కేటాయించుకునే స్థలమే స్కేల్ మోడలింగ్ పనిచోటు. ఒకటి రెండు గదుల అపార్టుమెంటులో కూడా దీనిని ఏర్పరచుకోవచ్చును. అయితే బల్లకు చోటు చూడడం కంటే గాలి ప్రసరణ కల్పించడం కష్టమైన పని. జిగురు, రంగుల నుండి వెలువడే ఆవిరులు ఇంటిల్లిపాదీ పీల్చే గాలిలోనే కలుస్తాయి.

స్కేలు ఎంపిక

బ్రిటనుకు చెందిన ఫ్రాగ్ సంస్థ 1936లో పెంగ్విన్ అనే పేరుతో ప్లాస్టిక్ విమాన నమూనాల కిట్లను 1/72 స్కేలులో విడుదల చేసింది. ఈ స్కేలులో ఆరు అడుగులు ఒక అంగుళం అవుతాయి. స్థలం తక్కువగా ఉన్నవారు ముందుగా స్కేలును నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బి-17 బాంబరు విమానం ఒక రెక్క కొస నుండి మరొక రెక్క కొస వరకు 31.6 మీటర్లు ఉంటుంది. నమూనాలో ఈ కొలత 1/48 స్కేలులో సుమారు 66 సెం.మీ., 1/72లో 44 సెం.మీ., 1/144లో 22 సెం.మీ. అవుతుంది. 1/72 నుండి 1/144కు మారితే పొడవు, వెడల్పు రెండూ సగమవుతాయి కనుక నమూనా ఆక్రమించే చోటు నాలుగవ వంతుకు తగ్గుతుంది.

బల్ల, వెలుతురు

చిన్న నమూనాలకు 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల బల్ల సరిపోతుంది. అంచులు గల ట్రేలో పని చేస్తే చిన్న భాగాలు క్రింద పడిపోవు. పని ఆపినపుడు ట్రేను యథాతథంగా బీరువా పైన ఉంచవచ్చును. కత్తి బ్లేడులను మూత గల డబ్బాలో పిల్లలకు అందకుండా ఉంచాలి. కుడిచేతివాటం వారికి దీపం ఎడమవైపు ఉంటే చేతి నీడ పనిపై పడదు.

గాలి ప్రసరణ

ప్లాస్టిక్ నమూనాల జిగురులోని ద్రావణి పాలీస్టైరీను ఉపరితలాన్ని కరిగిస్తుంది. ద్రావణి ఆవిరైన తరువాత రెండు భాగాలు ఒకటిగా కలిసిపోతాయి. ఈ ఆవిరులు, రంగులలో కలిపే థిన్నర్ ఆవిరులు గాలి కంటే బరువైనవి కనుక నేలవైపు దిగుతాయి. నేలపై ఆడుకునే పిల్లలకు, క్రింద పక్క వేసుకొని నిద్రించేవారికి ఇవి ఎక్కువగా సోకుతాయి. ఇవి మండే స్వభావం కలవి కూడా. అందువలన పనిచోటు గ్యాసు పొయ్యికి, దేవుని దీపానికి, దోమల కాయిల్‌కు దూరంగా, కిటికీ ప్రక్కన ఉండాలి. పడకగదిలో ఏర్పాటు చేయకపోవడం మంచిది.

ఎయిర్ బ్రష్‌తో రంగు వేసేవారు స్ప్రే బూత్ అనే పెట్టెను వాడతారు. దీనిలోని ఫ్యాను గాలిని లాగి గొట్టం ద్వారా కిటికీ బయటకు పంపుతుంది. బయటకు పోయిన గాలికి బదులు కొత్త గాలి రావడానికి మరొక తలుపు గాని, కిటికీ గాని తెరచి ఉంచాలి. బూత్‌లోని స్పాంజి ఫిల్టరు రంగు తుంపరలను మాత్రమే ఆపుతుంది, ఆవిరులను ఆపలేదు. సాధారణ ధూళి మాస్కు కూడా అంతే. ఆవిరులకు ఉత్తేజిత కర్బనం గల మాస్కు అవసరం. గొట్టాన్ని ఫ్లాట్ల మధ్యనున్న షాఫ్టులోనికి వదిలితే ఆవిరులు ఇరుగుపొరుగు ఇండ్లలోనికి చేరుతాయి.

బయటకు తెరుచుకునే కిటికీ లేని ఇంటిలో స్ప్రే పనిని విడిచిపెట్టి, నీటితో పలుచన చేసే అక్రిలిక్ రంగులను కుంచెతో వేయడం క్షేమకరం.