డిక్కీలో కడ్డీ వేస్తే మలుపులో ఎంత లాభం?

వెనక స్ట్రట్ టవర్ బ్రేస్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. వెనక చక్రాల పైన స్ట్రట్ల తలలు బాడీకి బిగించి ఉండే రెండు చోట్లను కలుపుతూ, డిక్కీలో అడ్డంగా వేసే ఉక్కు లేదా అల్యూమినియం కడ్డీ. వేయించుకున్నవాళ్లు మలుపుల్లో కారు పట్టుగా వెళ్తోందంటారు. ఎంత పట్టు? లెక్క వేసి చూద్దాం.

మనిషితో కలిపి 1,000 కిలోలున్న చిన్న కారు అనుకోండి. వెనక చక్రాల మీద 400 కిలోలు. పొడి రోడ్డు మీద మామూలు టైర్లు జారకుండా ఇవ్వగల పక్కపట్టు సుమారు 0.8 జీ, అంటే వాటి మీదున్న బరువులో 0.8 వంతు. కాబట్టి వెనక టైర్లు రెండూ కలిసి 320 కిలోల బరువంత బలాన్ని కాయాలి. మలుపులో బరువు బయటి చక్రం మీదికి ఒరుగుతుంది కాబట్టి అందులో 70 శాతం, 224 కిలోలు, బయటి టైరు వాటా అనుకుందాం. లోపలి టైరుకు మిగిలేది 96.

ఇదంతా పైకి చేరదు. చక్రాన్ని కింద బాడీకి కలిపే లింకు నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున, స్ట్రట్ తల 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే తలకు అందేది మూడో వంతే. బయటి టవర్‌కు 75 కిలోలు, లోపలి టవర్‌కు 32.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇక్కడుంది. ఈ రెండు బలాలూ ఎదురెదురుగా ఉండవు. రెండూ టవర్లను మలుపు బయటి వైపుకే తోస్తాయి. ఒకే దిక్కుకు జారుతున్న ఇద్దరూ ఒకే కర్ర పట్టుకున్నంత మాత్రాన జారడం ఆగదు కదా! కడ్డీ చేయగలిగేది భారాన్ని సమంగా పంచడమే. 75 కాస్తా 53.5 అవుతుంది, 32 కూడా 53.5 అవుతుంది. కడ్డీలో పడే లాగుడు 21.5 కిలోలు. 25 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవు ఉన్న ఉక్కు గొట్టం ఆ లాగుడుకు మిల్లీమీటరులో నూరో వంతు కూడా సాగదు. కనుక లావు చూసి మోజు పడనక్కర్లేదు. గొట్టం తిన్నగా ఉందా, చివరి పలకలు దిట్టంగా ఉన్నాయా అన్నదే చూడాలి.

కడ్డీ లేనప్పుడు బయటి టవర్ 1 మిల్లీమీటరు కదులుతుందనుకుంటే, చక్రం వంపులో తేడా 0.1 డిగ్రీ. కడ్డీ వేశాక 0.07. మిగిలింది 0.03 డిగ్రీ! అదే మలుపులో బాడీ మూడు నాలుగు డిగ్రీలు ఒరుగుతుంది. పైగా 0.8 జీ రేసు ట్రాకు మాట. ఘాట్ రోడ్డులో 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 30 కిలోమీటర్లతో తిప్పితే వచ్చేది 0.24 జీయే.

అలాగని వేయించుకున్నవాళ్లది వట్టి భ్రమ అనలేం. గుంతలో ఒక చక్రమే పడ్డప్పుడు దెబ్బ ఒక టవర్‌కే తగులుతుంది. అప్పుడు రెండోది సాయానికొస్తుంది. వెనక సీటు వెనక గోడ లేని పాత హ్యాచ్‌బ్యాక్‌లలో కిర్రుమనే చప్పుడు తగ్గవచ్చు. సెడాన్‌లలో ఆ పని చాలావరకు సీటు వెనకున్న రేకే చేస్తోంది.

ముందు కారు కిందికి వంగి చూడండి. స్విఫ్ట్, పోలో లాంటి వాటికి వెనక స్ట్రట్లే లేవు, టార్షన్ బీమ్ ఉంటుంది. అక్కడ పక్కబలం బీమ్ ముందున్న బుష్‌ల గుండా పోతుంది, షాకబ్జర్ తలకు దాదాపు చేరదు. ఆ కార్లలో ఈ కడ్డీ అలంకారమే అంటాను. పాత మారుతి ఎస్టీమ్‌కు, 1992 నుంచి 2007 దాకా వచ్చిన సుబారు ఇంప్రెజాకు వెనక నిజంగానే స్ట్రట్లున్నాయి. వాటిలోనైనా డబ్బు ముందు మంచి టైర్లకు పోవాలి, తర్వాత బాడీ ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్‌కు. ఆ బార్ వ్యాసం 20 నుంచి 22 మిల్లీమీటర్లకు పెంచితే చాలు, గట్టిదనం 46 శాతం పెరుగుతుంది.

వేయించాలనే అనుకుంటే, నాలుగు చక్రాలూ చదునైన నేల మీద ఉండగా బిగించాలి. పొడవు సర్దుకునే కడ్డీ అయితే టవర్లను లాగకుండా, నెట్టకుండా సరిపెట్టాలి. పలక మందం వల్ల బోల్టు మరలు తగ్గుతాయి, నట్టు దాటి రెండు మరలైనా బయటికి కనిపించాలి. బిగింపు కంపెనీ మాన్యువల్‌లో ఉన్నంతే. విప్పేది చుట్టూ ఉన్న చిన్న నట్లు మాత్రమే. మధ్యలోని పెద్ద నట్టు స్ప్రింగును నొక్కిపట్టి ఉంచుతుంది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోనివ్వకండి.