పెనుకొండ సీమలో న్యాయస్థానములు

పొలము గట్టు విషయమున ఇరుగుపొరుగు రైతులకు తగవు వచ్చినది. ఒకడు గట్టు తనదనును, మరియొకడు తనదనును. బలవంతుడు గట్టును కలుపుకొని దున్నినచో బలహీనుని గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానముగా మానవుడు న్యాయస్థానమును కల్పించుకొనెను. అయితే న్యాయస్థానము ఉన్నంత మాత్రమున చాలదు. అది జనులకు అందుబాటులో ఉండవలెను. వారి భాషలో వారి మాట వినవలెను. తీర్పు చెప్పువాడు తగవులో తానే ఒక పక్షమై యుండరాదు. ఈ మూడు గుణములు ఒక్కనాట సిద్ధించినవి కావు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతముల చరిత్రను పరిశీలించినచో ఇవి ఎట్లు క్రమముగా ఏర్పడినవో తెలియగలదు.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ అను అధికారి అచ్చటి ఆలయమును కట్టించెను. అతడు రాజు అనుమతి లేక ధనాగారము సొమ్మును ఆలయమునకు వెచ్చించెనని కొందరు రాజుతో చెప్పిరట. రాజు అతని కన్నులు తీయింపుడని ఆజ్ఞాపించెనట. ఆ మాట విని విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని జనశ్రుతి. గోడపైనున్న రెండు ఎర్రని మరకలను నేటికిని యాత్రికులకు చూపుచుందురు. ఇది చరిత్ర యని నిశ్చయించి చెప్పుటకు వీలులేదు. కాని ఈ కథ శతాబ్దముల తరబడి జనుల నోట నిలిచినది. అభియోగము చేసినవారి మాటనే విని, చేయబడినవాని మాట వినకుండ శిక్షించుట అన్యాయమని జనులు ఎరుగుదురు. ఆ యెరుకయే ఈ కథకు ప్రాణము.

1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము ఓడిన పిమ్మట తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. తరువాత ఈ సీమ పలువురు ప్రభువుల చేతులు మారినది. తుదకు 1800లో నిజాము దీనిని ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందువలననే బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములకు దత్తమండలములను పేరు వచ్చినది. వీటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట పనిచేసెను. అతడు గ్రామగ్రామము తిరిగి, రైతులతో మాటలాడి, వారి కష్టసుఖములను తెలిసికొనెను.

కంపెనీవారు 1802లో మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టులను స్థాపించుటకు చట్టములు చేసిరి. బెంగాలులో 1793లో కారన్‌వాలిసు ప్రభువు ప్రవేశపెట్టిన పద్ధతియే దీనికి మాదిరి. ఈ కోర్టులలో న్యాయాధిపతులు ఆంగ్లేయులు. దేశభాష వారికి చక్కగా రాదు. పైగా కోర్టు దూరము. హిందూపురము నుండి బళ్ళారికి నూరు మైళ్ళకు పైగా ఉండును. ఇరువది రూపాయల బాకీ కొరకు ఒక రైతు సాక్షులను వెంటబెట్టుకొని బండి కట్టి అంత దూరము పోయి రావలెనన్న, బాకీకంటె దారి ఖర్చే ఎక్కువగును. పొలము పనులు చెడును. ఇట్టి స్థితిలో బీదవాడు తన హక్కును విడుచుకొనుటయే మేలని తలంచును. దూరమున నున్న న్యాయము లేని న్యాయముతో సమానము.

ఈ లోపమును మన్రో గుర్తించెను. దేశీయులు న్యాయాధికారమునకు తగరని అనేకులైన ఆంగ్లేయులు తలంచుచున్న కాలమది. మన్రో ఆ తలంపును అంగీకరింపలేదు. అతని కృషి ఫలితముగా 1816లో కొన్ని కొత్త చట్టములు వెలువడెను. వాటి ప్రకారము గ్రామపెద్ద గ్రామ మునసబు అయ్యెను. పది రూపాయల లోపు చిన్న దావాలను అతడే తన ఊరిలో తీర్చవచ్చును. ఉభయ పక్షములు సమ్మతించినచో పంచాయతీ కూర్చి తగవు తీర్పించుకొనవచ్చును. వీటికి పైన జిల్లా మునసబులను నియమించిరి. వారు దేశీయులు, రెండువందల రూపాయల వరకు దావాలను విచారించువారు.

మునసబు కోర్టులో విచారణ జరుగు విధమును తెలిసికొందము. ఫిర్యాదు చేయువాడు వాది. ఎవరిపై ఫిర్యాదు చేయబడెనో అతడు ప్రతివాది. వాది స్టాంపు రుసుము చెల్లించి దావా అర్జీ దాఖలు చేయును. కోర్టు ప్రతివాదికి సమను పంపును. దానిని తీసికొని పోవు ఉద్యోగి అమీనా. ప్రతివాది వచ్చి తన జవాబును వ్రాతమూలకముగా ఇయ్యవలెను. పిదప ఉభయుల సాక్షులను, దస్తావేజులను పరిశీలింతురు. ఒక పక్షపు సాక్షిని రెండవ పక్షము వకీలు అడ్డు ప్రశ్నలు వేయును. తుదకు న్యాయాధిపతి కారణములు వ్రాసి తీర్పు చెప్పును. దానిని డిక్రీగా వ్రాసి యిత్తురు. ఓడినవాడు పై కోర్టుకు అప్పీలు చేసికొనవచ్చును. రాజు కోపము వచ్చినంతనే దండించు పద్ధతికిని దీనికిని గల భేదము ఇందు స్పష్టము. ఇచ్చట ఉభయుల మాట వినక తీర్పు లేదు. కారణము చెప్పక తీర్పు లేదు.

అయినను 1816 నాటి ఏర్పాటులో ఒక గొప్ప దోషము కలదు. పన్ను వసూలు చేయు కలెక్టరునే మేజిస్ట్రేటుగా కూడ చేసిరి. పోలీసుపై అధికారమును అతనిదే. పన్ను అడుగువాడును, పట్టుకొనువాడును, విచారించువాడును ఒక్కడైనపుడు రైతు ఎవరితో మొరపెట్టుకొనవలెను? మద్రాసు ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 1855లో ఒక నివేదిక సమర్పించెను. పన్నుల వసూలుకై క్రింది ఉద్యోగులు రైతులను హింసించుట వాస్తవమని అందు వెల్లడి అయ్యెను. 1859లో పోలీసు శాఖను వేరుచేసిరి. 1860లో భారత శిక్షాస్మృతి ఏర్పడెను. 1862లో మద్రాసు హైకోర్టు వెలసెను. 1873 నాటి సివిలు కోర్టుల చట్టము జిల్లా మునసబు అధికారమును 2,500 రూపాయల దావాల వరకు పెంచెను.

1882లో అనంతపురము బళ్ళారి నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయ్యెను. పెనుకొండలోను, కాలక్రమమున హిందూపురము, ధర్మవరములలోను మునసబు కోర్టులు పనిచేసెను. ఈ పట్టణముల వ్యవహారములే ఆ కోర్టుల దావాలకు మూలము. ధర్మవరము పట్టు నేతకు ప్రసిద్ధి. హిందూపురము బెల్లపు వ్యాపారమునకు ప్రసిద్ధి. నూలు అప్పులు, సరకు బాకీలు, ప్రామిసరీ నోట్లు, చెరువు నీటి హక్కులు, అన్నదమ్ముల పంపకములు మున్నగునవి న్యాయస్థానపు గడప త్రొక్కుచుండును.

స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగపు 50వ అధికరణము న్యాయశాఖను పరిపాలనశాఖ నుండి వేరుచేయవలెనని ఆదేశించెను. 1974 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడు నేరవిచారణ చేయు మేజిస్ట్రేటులను హైకోర్టు అదుపులో ఉంచెను. మన్రో కాలపు దోషము ఈ విధముగా తొలగినది. ఆంధ్రరాష్ట్ర హైకోర్టు 1954లో గుంటూరున ఆరంభమై, 1956లో హైదరాబాదునకు మారెను. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో నున్నది. గ్రామ మునసబు పదవులు 1984లో రద్దయినవి. పూర్వపు జిల్లా మునసబును నేడు జూనియర్ సివిల్ జడ్జి అందురు. 2022లో ఈ మూడు పట్టణములును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

కష్టములన్నియు తీరినవని తలంపరాదు. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెనని మనవారి సామెత. వాయిదాల మీద వాయిదాలు పడిన వ్యాజ్యమున గెలిచినవానికి మిగులునది స్వల్పమని దీని భావము. పూర్వము దారి దూరము న్యాయమును అడ్డగించెను. నేడు కాలయాపన అడ్డగించుచున్నది. ఈ బాధను తగ్గించుటకే 1987లో న్యాయసేవల చట్టము చేయబడెను. దీని వలన స్త్రీలకు, బాలబాలికలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అల్పాదాయము కలవారికి ఉచితముగా న్యాయవాది సహాయము లభించును. లోక్ అదాలతులో ఉభయులు రాజీపడినచో కోర్టు రుసుము తిరిగి వచ్చును. దానిపై అప్పీలు లేదు.

హక్కు కలిగియుండుట ఎంత ముఖ్యమో, ఆ హక్కును తెలిసికొనియుండుటయు అంత ముఖ్యము. చదువురాని పొరుగువాడు సమను కాగితము చేతబట్టుకొని తెల్లబోయి నిలిచినపుడు, దానిని చదివి అర్థము చెప్పి, వాయిదా తేదీని తెలిపి, ఉచిత సహాయము ఎచ్చట దొరకునో చెప్పగల విద్యార్థియు న్యాయమునకు సేవ చేసినవాడే యగును.