సైనికుని యింటికి వైద్యము

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువను మాధవరమను గ్రామము కలదు. రెండు ప్రపంచ సంగ్రామములకును యోధులను పంపిన యూరగుటచే దానికి మిలిటరీ మాధవరమను పేరు స్థిరపడినది. అట్టి గ్రామమున నొక జవాను భార్యకు జబ్బుచేసినచో నేమి జరుగునో పాఠకమహాశయు లొకింత యోచింపవలెను. భర్త సరిహద్దున నున్నాడు. నిబంధనల ప్రకార మామెకు సైనిక వైద్యశాలలో ఉచిత చికిత్సకు హక్కు కలదు. కాని పెద్ద వైద్యశాల కావలెనన్న విశాఖపట్టణమున నౌకాదళమువారి కల్యాణికో, సికిందరాబాదు మిలిటరీ ఆసుపత్రికో పోవలెను. దగ్గరిదగు విశాఖయే రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. జ్వరముతోనున్న యిల్లాలు చంటిబిడ్డను చంకనెత్తుకొని యంతదూరము పోగలదా? ఊరి వైద్యునికే చేతి రూకలిచ్చుకొనును. హక్కు కాగితముమీదనే యుండును.

పింఛనుతో నిల్లు చేరినవారి స్థితి కొంత మేలు. 2003కు పూర్వము వారికి సైనికాసుపత్రిలో పడక ఖాళీయున్ననే ప్రవేశము. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మాజీ సైనికుల ఆరోగ్యపథకము ప్రారంభమైనది. ఒక్కమారు చందా చెల్లించినచో యావజ్జీవము తనకును, భార్యకును, ఆశ్రితులకును చికిత్స లభించును. దేశమున నాలుగువందలకు పైగా పాలీక్లినిక్కులు గలవు. అచటి వైద్యుడు చీటి వ్రాసియిచ్చినచో, ఒప్పందముగల ప్రైవేటు ఆసుపత్రిలో రొక్కము చెల్లింపకయే చేరవచ్చును. ఏర్పాటు మంచిదే, దానిని మేము తక్కువచేయము. 2024-25లో దీనికి 6,968 కోట్ల రూపాయలు కేటాయించిరి. ఐనను బిల్లుల సొమ్ము ఆలస్యమగుటచే కొన్ని ఆసుపత్రులవారు ఈ కార్డును చూడగనే మొగము చిట్లింతురు. పాలీక్లినిక్కులలో మందుల కొరతను 2015లో కంప్ట్రోలరు ఆడిటరు జనరలుగారి నివేదికయే యెత్తిచూపినది. వృద్ధుడగు సుబేదారు మందుచీటి చేతబట్టుకొని వట్టిచేతులతో మరలుట పాలకులకు గౌరవము కాదు.

ఇంతకంటె పెద్ద చిక్కొకటి కలదు. వైద్యమును పింఛనుకు ముడివేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఇరువదియైదు లక్షల భారతీయులు స్వచ్ఛందముగ సైన్యమున చేరిరి. యుద్ధము ముగియగనే పింఛను లేకుండ నిండ్లకు పంపబడిన వారి కీ పథకము వర్తింపలేదు. వారికిని, షార్టు సర్వీసు అధికారులకును 2019 మార్చిలోగాని ద్వారము తెరువలేదు. యుద్ధము ముగిసి అప్పటికి 74 ఏండ్లు! మిగిలినవారు తొంబదియేండ్లు దాటిన వృద్ధులు.

ఆ పొరపాటే నేడు వేరొకరూపమున వచ్చుచున్నది. 2022 జూనులో ప్రకటింపబడిన అగ్నిపథము ప్రకారము నాలుగేండ్ల పిమ్మట నూటికి ఇరువదియైదుగురను మించి నిలుపుకొనరు. తక్కినవారికి ఏకమొత్తమున సేవానిధి యిత్తురు. పింఛను లేదు, మాజీ సైనికుడను హోదా లేదు, ఆరోగ్యపథకమును లేదు. కొలువులో నంగవైకల్యము గలిగినచో దాని తీవ్రతనుబట్టి 44, 25, 15 లక్షల రూపాయలు ఒక్కమారిత్తురు. ఆ మొత్తము చిన్నదని మే మనము. కాని ఇరువదియైదేండ్లు నిండని యువకుని విరిగిన వెన్నెముకకు చికిత్స నలువదియేండ్లు సాగవచ్చును. ఫిరంగి మ్రోతచే చెవులకు కలుగు చేటు కొలువు విడిచిన పిమ్మటగాని బయటపడకపోవచ్చును. అప్పుడు వాడే వైద్యశాలకు పోవలెను?

2023 జనవరిలో శిక్షణకు చేరిన మొదటి జట్టునకు 2027 మొదటికి నాలుగేండ్లు నిండును. కనీసము కొలువులో గాయపడినవారికైనను, ఇంటికి మరలునాటికి ఈ పథకపు కార్డు చేతికిచ్చుటకు రక్షణశాఖవారు ముందే యుత్తరువు గావింపవలెను.