పడవకు కట్టిన తుపాకీ

పంట్ గన్ భుజానికి ఆనించి పేల్చేది కాదు. పంట్ అనే, అడుగు చదునుగా ఉండి నీటిని అంటుకున్నట్టు తేలే సన్నని పడవ ముందుభాగాన అమర్చి, నీటిపక్షుల గుంపు మీదికి ఒక్కసారిగా సీసపు గుళ్లను వెదజల్లే పెద్ద గొట్టపు తుపాకీ. 19వ శతాబ్దంలో ఇంగ్లండు తీరపు బురదమేటల మధ్య, చలికాలపు తెల్లవారుజామున వేటగాడు పడవలో బోర్లా పడుకుని, చిన్న చేతితెడ్లతో చప్పుడు కాకుండా నీటిని తోస్తూ బాతులను సమీపించేవాడు. తుపాకీని పక్కలకు తిప్పే వీలు దాదాపు లేనందున పడవనే గురిపెట్టవలసి వచ్చేది.

తయారీదారుకు అసలు చిక్కు ఎదురుతన్నుతోనే, అంటే పేలిన క్షణంలో తుపాకీ వెనక్కి దూకే వేగంతోనే వచ్చేది. అందుకే బలమైన మోకును తుపాకీకి తగిలించి పడవ ముక్కుకు బిగించేవారు. పేలగానే మోకు బిర్రబిగిసి ఆ తన్నును పడవకు అప్పగించగా, పడవ మొత్తం నీటిపై వెనక్కి జారేది. ఎంత సూటైన ఉపాయమిది! ఇంగ్లండు వేటగాడు కర్నల్ పీటర్ హాకర్ చేయించుకున్న జంట గొట్టాల తుపాకీలో ఒకటి చెకుముకి రాతితో, మరొకటి కొట్టగానే అంటుకునే మందుటోపీతో పేలేది. ఆ చిన్న తేడా వల్ల రెండు దెబ్బలు ఒకేసారి కాక వెంటవెంటనే పడేవి.

అమెరికాలోని చెసపీక్ అఖాతంలో మాత్రం పంట్ గన్ అంగడిలో అమ్మేందుకు సాగే వేటకు సాధనమై బాతులను దారుణంగా నేలకూల్చింది. 1918 నాటి వలసపక్షుల చట్టం ఆ అమ్మకాలను అడ్డుకుంది. బ్రిటన్‌లో 1981 చట్టం ప్రకారం అడవిపక్షుల వేటకు వాడే తుపాకీ గొట్టం మూతి లోపలి వ్యాసం 1.75 అంగుళాలను మించరాదు.