అన్ని ఆటలూ అన్ని పెట్టెల్లోకీ ఎందుకు రావు?

మీరు త్రిపురారంలో తొమ్మిదో తరగతి చదువుతున్నారనుకోండి. వేసవి సెలవులకు హైదరాబాదులో మేనమామ ఇంటికి వెళ్ళారు. బావ దగ్గర టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడుకొనే పెట్టె ఒకటి ఉంది. మీరు సంబరపడి, బడిలో స్నేహితుడు ఎప్పుడూ చెప్పే ఒక ఆట పేరు చెప్పి, "బావా, అది పెట్టవా!" అని అడిగారు. "అది దీంట్లోకి రాలేదు" అన్నాడు బావ. "ఎందుకు రాలేదు? ఈ పెట్టె కొత్తదే గదా!" అన్నారు మీరు. బావ నోరు మెదపలేదు. అతనికీ తెలియదు మరి.

ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో చూద్దాం. ఇందులో కొంత యంత్రశాస్త్రం ఉంది, కొంత లెక్కల పాఠం ఉంది, కొంత వ్యాపారమూ ఉంది.

ముందుగా రెండు మాటలు తెలుసుకోవాలి. ఆటలు ఆడటం కోసమే తయారుచేసిన కంప్యూటరును 'కన్సోల్' అంటారు. సోనీ కంపెనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎక్స్‌బాక్స్, నింటెండో కంపెనీ స్విచ్ ఇటువంటివే. ఆటకు డబ్బు పెట్టి, దాన్ని జనంలోకి తెచ్చి అమ్మే సంస్థను 'పబ్లిషర్' అంటారు. పుస్తకాలకు ప్రచురణకర్త ఎలాగో ఆటలకు పబ్లిషర్ అలాగన్నమాట. కన్సోల్ చేసేవారు వేరు, చాలాసార్లు ఆటను తెచ్చేవారు వేరు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

లోపలి భాష వేరు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లులు మీరు చూసే ఉంటారు. వడ్లు ఆడించే మిల్లులో గోధుమలు పోస్తే పిండి వస్తుందా? రాదు. దానికి పిండిగిర్నీ కావాలి. రెండూ కరెంటుతో నడిచేవే, రెండింట్లోనూ గింజలే పోస్తాం. అయినా లోపల జరిగే పని వేరు.

కన్సోళ్ళ సంగతీ అంతే. ఆట అంటే ప్రాసెసర్‌కు ఇచ్చే లక్షలాది ఆజ్ఞల వరుస. ఒక్కో రకం ప్రాసెసర్ ఒక్కో రకం ఆజ్ఞలనే అర్థం చేసుకుంటుంది. బొమ్మలు గీసే భాగానికి, శబ్దం పలికించే భాగానికి, చేతిలో పట్టుకొనే మీటల పలకకు కూడా ఒక్కో కంపెనీ పద్ధతి ఒక్కో తీరుగా ఉంటుంది. కాబట్టి ఒక పెట్టె కోసం చేసిన ఆటను ఇంకో పెట్టెలో పెడితే అది నడవదు. కొంత భాగం తిరగరాయాలి, బొమ్మలను సరిచేయాలి, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ ఆడి తప్పులు వెదకాలి. ఆ తర్వాత కన్సోల్ కంపెనీకి పంపి, వాళ్ళ పరీక్షలో నెగ్గాలి. ఈ పనినంతా 'పోర్టింగ్' అంటారు. దీనికి నెలలు పడుతుంది, జీతాలు పెరుగుతాయి.

ఈ రోజుల్లో యూనిటీ, అన్‌రియల్ వంటి 'గేమ్ ఇంజిన్లు' వచ్చి ఈ శ్రమను బాగా తగ్గించాయి. కాని తగ్గించాయే తప్ప పూర్తిగా పోగొట్టలేదు.

హైదరాబాదు ఆటలు పాత పెట్టెలోకే ఎందుకు వచ్చాయి?

ఇప్పుడు మన దగ్గర జరిగిన సంగతి ఒకటి చెప్పుకుందాం. 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట మన దేశంలో విడుదలైంది. దాన్ని తయారుచేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. విడుదల చేసింది సోనీ వారి ఆటల సంస్థ. హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర అనే సంస్థ 'దేశీ అడ్డా' అనే మరో ఆట చేసింది. కబడ్డీ, గాలిపటాలు, మన పల్లెల్లో చిర్రగోనె అని పిలుచుకొనే గిల్లీదండా వంటి ఆటలు అందులో ఉన్నాయి.

'హనుమాన్' ప్లేస్టేషన్ 2 కోసం వచ్చింది. 'దేశీ అడ్డా' ప్లేస్టేషన్ 2 కోసమూ, చేతిలో పట్టుకొని ఆడే పీఎస్‌పీ కోసమూ వచ్చింది. ఇందులో వింత ఏముంది అంటారా? ప్లేస్టేషన్ 2 పుట్టింది 2000లో. దాని తమ్ముడు ప్లేస్టేషన్ 3 అప్పటికే, అంటే 2006లోనే, వచ్చేసింది. మరి హైదరాబాదు ఆటలు తమ్ముణ్ణి వదిలి అన్న దగ్గరికే ఎందుకు వెళ్ళాయి?

శక్తిలో ఇద్దరికీ పోలికే లేదు. ప్లేస్టేషన్ 2 ప్రధాన మెమరీ 32 మెగాబైట్లు. ప్లేస్టేషన్ 3లో పనులకు 256, బొమ్మలకు 256, మొత్తం 512 మెగాబైట్లు. అంటే 16 రెట్లు. కాని ప్లేస్టేషన్ 3 ప్రాసెసర్ 'సెల్' చాలా చిక్కయినది. ఒక పెద్ద మేస్త్రీ కింద పలువురు చిన్న పనివాళ్ళు ఉన్నట్టు, అందులో ఒక ముఖ్య భాగమూ, దానికి తోడు అనేక చిన్న భాగాలూ ఉంటాయి. ఎవరికి ఏ పని ఎప్పుడు అప్పగించాలో ప్రోగ్రామర్ స్వయంగా ఆలోచించి రాయాలి. అనుభవజ్ఞులకే అది తలనొప్పి అయింది.

ఇక ధర. 2007లో మన దేశంలో ప్లేస్టేషన్ 3 అమ్మకానికి వచ్చినప్పుడు దాని ఖరీదు 39,990 రూపాయలు. ప్లేస్టేషన్ 2 అంతకన్నా ఎంతో చవక. ప్రపంచం మొత్తం మీద చూసినా, 2009 మార్చి నాటికి ప్లేస్టేషన్ 2లు 13 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ప్లేస్టేషన్ 3లు 3 కోట్లు కూడా కాలేదు. మన పిల్లల కోసం చేసిన ఆట మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్న పెట్టెలోకే రావాలి గదా! అందువల్ల కొత్తది, గొప్పది అయినంత మాత్రాన ఒక కన్సోల్‌లోకి ఆటలన్నీ వచ్చేయవు.

ఒక లెక్క వేద్దాం

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకో కోదాడకో వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సు దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆగదు. ఆగితే ఆలస్యం, డీజిలు ఖర్చు. ఎక్కేది ఇద్దరే అయితే ఆ ఖర్చు రాదు. పబ్లిషర్ వేసే లెక్క కూడా ఇటువంటిదే. కింది అంకెలు మన లెక్క కోసం ఊహించుకున్నవి.

ఒక ఆటను ఒక కన్సోల్‌లోకి మార్చడానికి 30 లక్షల రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. ఆట ధర 1,000 రూపాయలు. దుకాణం, పన్ను, కన్సోల్ కంపెనీ వాటా పోగా పబ్లిషర్‌కు 400 మిగులుతాయనుకుందాం. ఆ కన్సోల్ ఉన్న ప్రతి 100 మందిలో 5 గురు ఆట కొంటారు.

మొదటి కన్సోల్ 10 లక్షల ఇళ్ళలో ఉంది. అమ్ముడయ్యే ప్రతులు 50,000. వచ్చే సొమ్ము 2 కోట్లు. లాభమే.

రెండో కన్సోల్ 1 లక్ష ఇళ్ళలో ఉంది. అమ్ముడయ్యేవి 5,000. వచ్చేది 20 లక్షలు. ఖర్చు 30 లక్షలు. నష్టం 10 లక్షలు.

చూశారా! ఆట ఒకటే, శ్రమ ఒకటే, ధర ఒకటే. రెండో పెట్టెను పబ్లిషర్ వదిలేశాడంటే దాని మీద కోపం ఉండి కాదు, ఆ పెట్టె చెడ్డదనీ కాదు. ఖర్చు రావాలంటే 30 లక్షలను 400తో భాగించినన్ని, అంటే 7,500 ప్రతులు అమ్ముడుపోవాలి. అందుకు కనీసం 1,50,000 ఇళ్ళలో ఆ కన్సోల్ ఉండాలి.

చోటు చాలకపోతే?

కొనేవాళ్ళు ఉన్నా కొన్నిసార్లు యంత్రమే అడ్డు వస్తుంది. జపానులో 'ఫైనల్ ఫాంటసీ' అనే పేరుతో వరుసగా ఆటలు వచ్చాయి. మొదటి ఆరూ నింటెండో కన్సోళ్ళకే వచ్చాయి. 1996లో నింటెండో 64 అనే కొత్త కన్సోల్ వచ్చింది. దాని ఆటలు సీడీల మీద కాక 'కార్ట్రిజ్' అనే ప్లాస్టిక్ డబ్బీలలో ఉండేవి. డబ్బీ ఆటను త్వరగా అందిస్తుంది గాని, అందులో చోటు తక్కువ, తయారీ ఖర్చు ఎక్కువ. ఆ కన్సోల్‌కు వచ్చిన అతి పెద్ద డబ్బీ కూడా 64 మెగాబైట్లే. ఒక్క సీడీలో సుమారు 650 మెగాబైట్లు పడతాయి. 1997లో ఏడో 'ఫైనల్ ఫాంటసీ' సినిమా లాంటి దృశ్యాలతో 3 సీడీలు నిండా తయారైంది. బావిలో నీళ్ళు చెంబులో పడతాయా? అది నింటెండోను వదిలి సోనీ ప్లేస్టేషన్‌కు వెళ్ళిపోయింది.

ఇటీవలి సంగతి ఇంకొకటి. బెల్జియం దేశంలోని లారియన్ స్టూడియోస్ చేసిన 'బాల్డర్స్ గేట్ 3' 2023 ఆగస్టులో కంప్యూటర్లకూ, సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కూ వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కు మాత్రం డిసెంబరు దాకా రాలేదు. కారణం ఏమిటి? ఎక్స్‌బాక్స్ సిరీస్‌లో రెండు రకాలున్నాయి. ఖరీదైన ఎక్స్‌లో మెమరీ 16 గిగాబైట్లు, చవకైన ఎస్‌లో 10 గిగాబైట్లు. ఒకదానిలో ఉన్న సౌకర్యాలు రెండోదానిలోనూ ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం. తెరను రెండు భాగాలు చేసుకొని ఇద్దరు ఒకేసారి ఆడే సౌకర్యం చిన్న పెట్టెలో సరిగా నడవలేదు. చివరకు చిన్న పెట్టెకు ఆ ఒక్క విషయంలో మినహాయింపు ఇచ్చాకే ఆట బయటికి వచ్చింది. చవక పెట్టె కొన్నవారికి అన్యాయం జరగకూడదని పెట్టిన నియమమే, కొన్ని నెలలపాటు అందరికీ ఆటను దూరం చేసిందన్నమాట.

ఆటలు లేక జనం లేరు, జనం లేక ఆటలు లేవు

ఇక్కడ ఒక విషవలయం ఉంది. ఆటలు లేని కన్సోల్‌ను జనం కొనరు. జనం కొనని కన్సోల్‌కు ఆటలు రావు. జపాను కంపెనీ సెగా 1998లో డ్రీమ్‌కాస్ట్ అనే మంచి కన్సోల్‌ను తెచ్చింది. ఫుట్‌బాల్ వంటి క్రీడల ఆటలకు పేరుపొందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానికి ఒక్క ఆట కూడా ఇవ్వలేదు. 2001లో సెగా దాని తయారీ ఆపేసింది. అప్పటికి 1 కోటి కూడా అమ్ముడుపోలేదు. ఇదొక్కటే కారణమని చెప్పలేం. కాని ఇష్టమైన ఆట లేని పెట్టెను ఎవరు కొంటారు?

అలాగే 2012లో వచ్చిన నింటెండో వీ యూ 1 కోటి 36 లక్షల దగ్గరే ఆగిపోయింది. పెద్ద పబ్లిషర్లు ఒకరి తర్వాత ఒకరు దాన్ని వదిలేశారు. 2017లో అదే కంపెనీ తెచ్చిన స్విచ్ 15 కోట్లు దాటింది. అప్పుడు మొహం చాటేసిన పబ్లిషర్లే మళ్ళీ వచ్చి తలుపు తట్టారు.

కావాలనే ఆపడం

కొన్నిసార్లు యంత్రానికి శక్తి ఉంటుంది, కొనేవాళ్ళూ ఉంటారు. అయినా ఆట రాదు. ఎందుకంటే కన్సోల్ కంపెనీయే ఆ ఆటను తనకు మాత్రమే ఉంచుకుంటుంది. 2021లో మైక్రోసాఫ్ట్ 'బెథెస్డా' ఆటల మాతృసంస్థను కొనేసింది. ఆ సంస్థ 2023లో తెచ్చిన 'స్టార్‌ఫీల్డ్' అప్పుడు ఎక్స్‌బాక్స్‌కూ కంప్యూటర్లకూ మాత్రమే వచ్చింది, ప్లేస్టేషన్‌కు రాలేదు. ఇది యంత్రశాస్త్రం కాదు, వ్యాపారం. "ఈ ఆట కావాలంటే మా పెట్టె కొనండి" అని చెప్పడమే.

మరి తెలుగు సంగతి?

ఇంతదాకా కన్సోళ్ళ లెక్క చూశాం. ఇదే లెక్క భాషలకూ వర్తిస్తుంది. ఒక ఆటను తెలుగులోకి తేవాలంటే మాటలన్నీ అనువదించాలి, గొంతులు రికార్డు చేయాలి, తెరమీద అక్షరాలు సరిగా పడుతున్నాయో లేదో చూడాలి. అదీ ఒక ఖర్చే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైనే. అయినా పెద్ద కన్సోల్ ఆటల్లో తెలుగు కనబడటం అరుదు. పబ్లిషర్ అడిగేది "తెలుగు ఎందరు మాట్లాడతారు?" అని కాదు. "తెలుగులో ఉంటే కొని, లేకపోతే మానేసేవారు ఎందరు?" అని అడుగుతాడు. ఇంగ్లీషుతోనే సరిపెట్టుకుంటారని అనుకుంటే ఆ ఖర్చు పెట్టడు.

అయితే లెక్కలో రెండు వైపులుంటాయి. ఒకటి కొనేవాళ్ళ సంఖ్య, రెండోది ఖర్చు. రెండోదాన్ని తగ్గించేది విజ్ఞానం. మంచి ఇంజిన్లు, మంచి పనిముట్లు వచ్చినకొద్దీ నిన్న వదిలేసిన పెట్టె, నిన్న వదిలేసిన భాష నేడు లాభసాటి అవుతాయి. ఆ పనిముట్లు చేసేవారిలో రేపు మీరూ ఉండవచ్చు.

ఇప్పుడు మీకొక లెక్క. పైన మనం ఊహించుకున్న ఆటలో పోర్టింగ్ ఖర్చు 30 లక్షలు కాకుండా 10 లక్షలకు తగ్గిందనుకోండి. మిగతా అంకెలన్నీ అవే. ఖర్చు రావాలంటే ఎన్ని ప్రతులు అమ్ముడుపోవాలి? కనీసం ఎన్ని ఇళ్ళలో ఆ కన్సోల్ ఉండాలి? 1 లక్ష ఇళ్ళున్న ఆ రెండో పెట్టెలోకి ఇప్పుడు ఆట వస్తుందా, రాదా? కాగితం మీద కట్టి చూడండి. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు బావకు మీరే జవాబు చెప్పవచ్చు.